తట్టు టీకా కోసం తిరిగిన నెలలు: నా అనుభవం

పిల్లలకు టీకా పడలేదని వినగానే, ఆ తల్లిదండ్రులకు తెలియకనో, పట్టకనో, భయపడో వేయించలేదని చాలామంది తేల్చేస్తారు. మా పాప విషయంలో మాకు తెలుసు, పట్టింపు ఉంది, భయమూ లేదు. తేదీ మర్చిపోకుండా ఫోన్‌లో రిమైండర్ కూడా పెట్టుకున్నాం. అయినా 9 నెలలు నిండగానే పడాల్సిన తట్టు టీకా, పడేసరికి పాపకు ఏడాది దాటింది. ఈ మధ్యలో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇలా తిరిగి తిరిగి ఆగిపోయిన తల్లులు చాలామంది ఉంటారు. వాళ్లందరినీ నిర్లక్ష్యం కింద జమకట్టడం నాకు చాలా బాధగా ఉంటుంది.

ముందు తొమ్మిదో నెల సంగతి. పుట్టేటప్పుడు పిల్లలు తల్లి నుంచి కొన్ని యాంటీబాడీలు, అంటే జబ్బులను ఎదుర్కొనే రక్షక పదార్థాలు, తెచ్చుకుంటారు. అవి ఒంట్లో బలంగా ఉన్నంతకాలం ఈ టీకా సరిగ్గా పట్టదు. టీకాలో ఉండే బలహీనపరిచిన వైరస్‌ను అవే అణిచేస్తాయి. నెలలు గడిచేకొద్దీ అవి తరిగిపోతాయి. అందుకని తట్టు ఎక్కువగా తిరిగే దేశాల్లో 9 నెలలకు, తక్కువగా ఉన్న దేశాల్లో ఏడాది దాటాక మొదటి డోసు వేస్తారు. 9 నెలలకు వేస్తే నూటికి సుమారు 85 మందికి, ఏడాదికి వేస్తే 95 మందికి రక్షణ వస్తుంది. "అయితే ఆలస్యమైతేనే మంచిది కదా?" అని మా ఆయన ఒకసారి డాక్టరుగారిని అడిగారు. "తల్లి ఇచ్చిన రక్షణ పోయి, టీకా రక్షణ ఇంకా రాని ఆ నాలుగు రోజులే గండం. చంటిపిల్లలకు వస్తే తట్టు మామూలు జబ్బు కాదు" అన్నారాయన. ఆ మాట నా మనసులో పడిపోయింది. తర్వాత ఆలస్యమైన ప్రతి వారం అదే గుర్తొచ్చేది.

మేం వెళ్లే ఆరోగ్య కేంద్రంలో ఈ టీకా వారానికి ఒకే రోజు, అదీ పొద్దుటి పూటే. ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లాను. వరండాలో నాతో కలిపి ముగ్గురు తల్లులమే ఉన్నాం. కాసేపయ్యాక సిస్టర్ బయటికి వచ్చి మమ్మల్ని లెక్క చూసుకుని, "ముగ్గురే ఉన్నారమ్మా. వాయల్ (టీకా సీసా) విప్పితే పదిమందికి వస్తుంది. మిగతాదంతా పారబోయాలి. వచ్చే వారం రండి, ఇంకొందరు కూడితే వేసేస్తాను" అన్నారు. నా పక్కనున్న ఆమె "వచ్చే వారం నన్ను పనిలోంచి పంపరండీ" అని మెల్లగా అంది. సిస్టర్ విన్నారు, ఏమీ మాట్లాడలేదు. ఆమె చంటిబిడ్డను భుజాన వేసుకుని, పెద్దవాడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ కేంద్రంలో ఆమె నాకు మళ్లీ కనిపించలేదు.

ఇంటికొచ్చినా కోపం తగ్గలేదు. అసలు ఈ వాయల్ సంగతేమిటో తెలుసుకుందామని కూర్చుని చదివాను. తట్టు టీకా పొడిగా వస్తుంది. వెలుతురు తగిలితే పాడవుతుంది కాబట్టి ముదురు గోధుమరంగు సీసాలో, అడుగున అంటుకున్న చిన్న బిళ్లలా ఉంటుంది. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వేసే ముందు, ఆ తయారీదారు ఇచ్చిన ద్రవాన్నే కలిపి కరిగించాలి. కలిపిన మందులో సూక్ష్మక్రిములు పెరగకుండా ఆపే పదార్థమేదీ ఉండదు. అందుకే కలిపిన 6 గంటల్లోపు, లేదా ఆ పూట టీకాలు ముగిసేలోపు, ఏది ముందైతే అప్పటికి వాడేయాలి. మిగిలింది పారేయాల్సిందే. ఇది ఉత్త కాగితం మీది నియమం కాదు. 2017లో దక్షిణ సూడాన్‌లో కపోయెటా దగ్గర ఒక పల్లెలో కలిపిన మందును చల్లదనం లేకుండా నాలుగు రోజులు వాడారు, కలపడానికి ఒకే సిరంజిని తిప్పితిప్పి వాడారు. 15 మంది పసిపిల్లలు చనిపోయారు. అది చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి పారేయడం విషయంలో సిస్టర్‌ది ముమ్మాటికీ న్యాయమే. నేను ఒప్పుకోలేనిది ఆ ముందు మాట, అంటే పదిమంది కూడేదాకా విప్పననడం. ఒక్క బిడ్డ వచ్చినా సీసా విప్పాల్సిందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తొమ్మిది డోసులు పారబోస్తే పోయేది మందు. బిడ్డను తిప్పి పంపితే ఆ బిడ్డ మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు. ఇది ఆ సిస్టర్‌కు తెలియదని నేననుకోను. వృథా అయిన ప్రతి డోసుకూ ఆవిడ పైవాళ్లకు లెక్క చెప్పాలి. తిరిగి వెళ్లిపోయిన బిడ్డ గురించి మాత్రం ఆవిడను అడిగేవాళ్లు ఎవరూ లేరు. లెక్క అడిగే పద్ధతిలోనే లోపం ఉంది. ఈ టీకా ఐదు డోసుల వాయల్స్‌లో కూడా వస్తుంది. చిన్న కేంద్రాలకు అవి ఇస్తే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

తర్వాతి వారానికి పాపకు జలుబు, ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది. ఈసారి డ్యూటీలో ఉన్నది వేరే ఆవిడ. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "జ్వరం పూర్తిగా తగ్గాక తీసుకురండమ్మా" అన్నారు. నిజానికి తీవ్రమైన జబ్బు చేసి బాగా జ్వరంగా ఉంటే ఆపాలి. రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్న పిల్లలకూ, ఇంతకుముందు ఇదే టీకాకు ప్రాణం మీదికొచ్చే అలర్జీ వచ్చినవాళ్లకూ వేయకూడదు. జలుబు, దగ్గు, కొద్దిపాటి జ్వరం, విరేచనాలు, బక్కగా ఉండటం, యాంటీబయాటిక్ వాడుతుండటం, ఇవేవీ ఆపడానికి కారణాలు కావు. పైగా బక్కపిల్లలకే తట్టు ఎక్కువ ప్రమాదం. ఆ వయసు పిల్లల్లో జలుబు లేని వారం కోసం చూస్తూ కూర్చుంటే అది ఎప్పటికి దొరుకుతుంది? అంతా మర్యాదగానే చెప్పి చూశాను. ఆవిడ ఒప్పుకోలేదు. ఏదైనా అయితే తన మీదికి వస్తుందని ఆవిడ భయం. ఆ తర్వాత వెళ్లినప్పుడు స్టాక్ లేదు. దాని గురించి రాయడానికేమీ లేదు, తలుపు మీద కాగితం అంటించారు, అంతే.

ఇంట్లో ఇంకో సంగతి నడుస్తోంది. ఒకరోజు అత్తయ్య ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టారు. వాట్సాప్‌లో ఎవరో పంపారు. తట్టు టీకా వేయించాక పిల్లాడు మాట్లాడటం మానేశాడని, అది ఆటిజం అని. "నేను వద్దనట్లేదమ్మాయ్. చదివాక గుండెలో రాయి పడ్డట్టుంది. నువ్వు చదువుకున్నదానివి, నిజమేమిటో చెప్పు" అన్నారు. అలా అడిగినందుకు ఆవిడంటే నాకు గౌరవం పెరిగింది. ఇలాంటి భయాన్ని కసిరితే అది లోపలికి పోయి గట్టిపడుతుంది.

ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటన్ డాక్టరు, కేవలం 12 మంది పిల్లలను చూసి రాసిన వ్యాసంతో ఈ భయం మొదలైంది. అందులో పిల్లల వివరాలు ఉన్నవి ఉన్నట్టు రాయలేదని తర్వాత బయటపడింది. 2010లో ద లాన్సెట్ పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, అదే ఏడాది అక్కడి వైద్య మండలి ఆయన పేరును డాక్టర్ల జాబితాలోంచి తీసేసింది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. టీకా వేసుకున్నవాళ్లలో ఆటిజం ఎక్కువగా లేదు. ఇదంతా విని అత్తయ్య, "మరి ఆ తల్లి అబద్ధం చెప్పిందంటావా?" అన్నారు. లేదన్నాను. ఆటిజం లక్షణాలు పైకి కనపడే వయసూ, ఈ టీకా వేసే వయసూ ఇంచుమించు ఒకటే. వెనకా ముందూ జరిగిన రెండింటినీ కన్నతల్లి ముడిపెట్టుకోవడం సహజం. "అలా చెప్పు" అన్నారావిడ. ఆ తర్వాత నాకన్నా ఆవిడకే తొందర ఎక్కువైంది.

ఇంతలో మా ఆయనకు బదిలీ అయింది. ఇల్లు మారాం. కొత్తచోట కేంద్రానికి వెళ్తే, ఇక్కడి రిజిస్టర్‌లో పేరు లేదు, పాత కేంద్రం నుంచి బదిలీ పత్రం తెమ్మన్నారు. పాప కార్డు నా చేతిలోనే ఉంది, అంతకుముందు వేసిన టీకాలన్నీ తేదీలతో సహా అందులో ఉన్నాయి. అయినా పత్రం కావాలన్నారు. పాత కేంద్రానికి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. అప్పటికే సెలవులు అయిపోవచ్చాయి, ఆఫీసులో మొహాలు మారుతున్నాయి. కార్డు చేతిలో ఉన్న నా పరిస్థితే ఇది. కార్డు లేనివాళ్ల పరిస్థితి ఏమిటో మా కింది వాటాలో ఉండే ఆమె వల్ల తెలిసింది.

ఆమెకు నాలుగేళ్ల బాబు, పది నెలల పాప. భార్యాభర్తలిద్దరూ కూలిపనికి వెళ్తారు, పని ఎక్కడుంటే అక్కడికి మారుతుంటారు. మాటల్లో టీకాల సంగతి వస్తే, బాబుకు చిన్నప్పుడు కొన్ని వేయించానని, ఆ తర్వాత మానేశానని చెప్పింది. ఎందుకని అడిగాను. కాసేపు చెప్పలేదు. తర్వాత చెప్పింది. ఒకసారి ఊరు మారేటప్పుడు కార్డు పోయింది. కొత్తచోటికి బాబును తీసుకెళ్తే, అక్కడున్న ఉద్యోగి అందరి ముందూ, "కార్డు కూడా దాచుకోలేనిదానివి పిల్లల్నేం పెంచుతావు?" అని కేకలేసిందట. "నలుగురూ నా వంకే చూశారక్కా. బాబు ఏడుపు మొదలెట్టాడు. తిరిగొచ్చేశాను. ఇంక ఆ గుమ్మం తొక్కబుద్ధి కాలేదు" అంది. చెప్తున్నంతసేపూ కొంగు అంచు మడతపెడుతూ, విప్పుతూ కూర్చుంది. పాపకు కూడా ఆ కారణంగానే ఇంకా వెళ్లలేదు. కార్డు లేకపోయినా టీకా వేయొచ్చు. గుర్తులేని డోసు పడనట్టే లెక్కవేసుకుని మళ్లీ వేస్తే బిడ్డకు ఏ నష్టమూ లేదు. ఆ రోజు ఆ ఉద్యోగి కొత్త కార్డు రాసి ఉంటే రెండు నిమిషాల పని.

ఆ మాటలు అనుకున్న కొన్నాళ్లకే బాబుకు జ్వరం వచ్చింది. దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా. అంతా జలుబు జ్వరమే అనుకున్నారు. తర్వాత చెవుల వెనక నుంచి దద్దుర్లు మొదలై మొహం, మెడ, ఒళ్లంతా దిగాయి. వెలుతురు చూడలేక వాడు తల్లి ఒడిలో మొహం దాచుకుంటే, ఆమె కొంగు కప్పి కూర్చుంది. మేం తెలిసిన పిల్లల డాక్టరుగారికి ఫోన్ చేస్తే, అందరిలో కలిసి లైనులో కూర్చోబెట్టకుండా పక్క తలుపు నుంచి తీసుకురమ్మన్నారు. తట్టు ఉన్నవాళ్లు వెళ్లిపోయినా, వైరస్ ఆ గది గాలిలో 2 గంటల దాకా ఉండగలదు. టీకా లేనివాళ్ల మధ్య ఒకరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. దద్దుర్లు రావడానికి 4 రోజుల ముందు నుంచే అంటిస్తుంది కాబట్టి, ఇది తట్టు అని తెలిసేసరికే చాలామందికి చేరిపోయి ఉంటుంది.

డాక్టరుగారు బాబును చూశారు. విటమిన్ ఎ ఒక డోసు అప్పుడే ఇచ్చి, మర్నాడు ఇంకోటి ఇవ్వాలన్నారు. తట్టులో అది కంటిచూపునూ, ప్రాణాన్నీ కాపాడుతుంది. కానీ అది టీకాకు బదులు కాదు, వైరస్‌ను చంపే మందూ కాదు. బాబుకు న్యుమోనియా కూడా వచ్చింది, ఆసుపత్రిలో చేర్చారు. బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత నెలల తరబడి వాడికి ఏదో ఒక జబ్బు చేస్తూనే ఉండేది. దానికీ కారణముందట. టీకా లేకుండా తట్టు వచ్చిన పిల్లల రక్తాన్ని పరీక్షించి 2019లో ప్రకటించిన పరిశోధనలో, అంతకుముందు వేరే జబ్బుల మీద సంపాదించుకున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం వరకు పోయాయని తేలింది. తట్టు వస్తే వచ్చింది, తగ్గిపోతుందిలే అనేవాళ్లు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

ఇక మా పాప. బాబుకు దద్దుర్లు కనపడటానికి ముందురోజే వాళ్లు ఎక్కడి నుంచో తిరిగొచ్చారు. ఆ సాయంత్రం పిల్లలు మెట్ల దగ్గర కలిసి ఆడుకున్నారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ టెన్షన్‌లోనే డాక్టరుగారిని అడిగాను. వైరస్ తగిలిన 72 గంటల్లోపు టీకా వేస్తే జబ్బును ఆపే అవకాశం ఉందన్నారు. ఆయనే కేంద్రానికి ఫోన్ చేసి మాట్లాడారు. మర్నాడు పొద్దున్న తలుపులు తీసేసరికి అక్కడున్నాం. ఆ రోజు అది టీకాల రోజు కాదు, ఇంకే పిల్లలూ లేరు. బదిలీ పత్రం సంగతి ఎవరూ ఎత్తలేదు.

లోపలి సిస్టర్ ఫ్రిజ్‌లోంచి వాయల్ తీసి, మూత మీది గుర్తు చూపించారు. ఒక వృత్తం, మధ్యలో చిన్న చతురస్రం. చతురస్రం వృత్తం కన్నా లేతగా ఉంటే మందు బాగున్నట్టు. వేడి తగిలేకొద్దీ అది ముదురుతుంది, రెండూ ఒకే రంగుకు వస్తే పారేయాలి. ఆవిడ మూత తీసి, ద్రవం కలిపి, సీసా మీద పెన్నుతో టైము రాశారు. పై చేతికి, చర్మం కింద చిన్న సూది. పాప ఏడుపు నిమిషం కూడా లేదు. ఒక్క బిడ్డ కోసం విప్పిన ఆ సీసాను చూస్తుంటే, వరండాలోంచి పెద్దవాడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయిన ఆ తల్లే నా కళ్ల ముందు మెదిలింది. నా కోసం డాక్టరు ఫోన్ చేశారు. ఆమె కోసం ఎవరు చేస్తారు?

అరగంట కూర్చోబెట్టి పంపారు. వెళ్లేటప్పుడు సిస్టర్ చెప్పిన ఒక మాట కొత్త తల్లులందరికీ చెప్పాలి. మిగతా చాలా టీకాలకు జ్వరం వస్తే అదే రోజో మర్నాడో వస్తుంది. దీనిది బతికున్న వైరస్ కాబట్టి, వస్తే వారం రోజులు దాటాక వస్తుంది, అప్పుడు కొందరికి పల్చగా దద్దుర్లు కూడా కనపడతాయి. మా పాపకు అలాగే వారం దాటాక రెండు రోజులు జ్వరం వచ్చి పోయింది. ముందే తెలుసు కాబట్టి కంగారు పడలేదు. తట్టు మాత్రం రాలేదు.

కింది వాటా పాప సంగతి వేరు. ఆ బిడ్డ అన్న పక్కనే పడుకుంటుంది, 72 గంటలు ఎప్పుడో దాటిపోయాయి. 6 రోజుల్లోపు అయితే యాంటీబాడీల ఇంజెక్షన్ ఇవ్వొచ్చని, అది వేయించారు. అది వేస్తే తట్టు టీకా 6 నెలలు ఆగాలి, లేకపోతే ఆ యాంటీబాడీలే టీకాను పనిచేయనివ్వవు. ఆ 6 నెలలూ ఆమె మర్చిపోలేదు. టీకాకు నన్ను తోడు రమ్మంది. "వాళ్లు మళ్లీ ఏమన్నా అంటే నువ్వు పక్కనుండక్కా చాలు" అంది. ఎవరూ ఏమీ అనలేదు. కౌంటర్లో ఉన్న అబ్బాయి బాబుకూ, పాపకూ కొత్త కార్డులు రాసి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోమన్నాడు. మా పాప రెండో డోసు కూడా ఆ రోజే వేయించాం. రెండో డోసు మొదటిదాని బలం పెంచడానికని చాలామంది అనుకుంటారు. అసలు పని, మొదటిది పట్టని పిల్లలను కాపాడటం. రెండూ పడితే నూటికి సుమారు 97 మందికి రక్షణ ఉంటుంది.

2023లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 2 కోట్ల 20 లక్షల మంది పిల్లలకు తట్టు టీకా మొదటి డోసు కూడా అందలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ ఏడాది తట్టుతో చనిపోయినవాళ్లు 1,07,500 మంది, ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలే. టీకా మాత్రం 1963 నుంచి ఉంది. తట్టు ఒకచోట చెలరేగకుండా ఉండాలంటే అక్కడ నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలి. అంటే వెనక్కి పంపడానికి ఒక్క బిడ్డ కూడా అదనంగా లేదు.

మా వీధిలో కొందరం కలిసి కేంద్రానికి ఒక అర్జీ ఇచ్చాం. వారంలో ఒక సాయంత్రమైనా, లేదా ఆదివారం ఒక పూటైనా టీకాలు వేయాలని, ఒక్క బిడ్డ వచ్చినా వాయల్ విప్పాలని, కార్డు లేదని ఎవరినీ పంపేయకూడదని అందులో రాశాం. వాయల్ విషయం వెంటనే ఒప్పుకున్నారు, తలుపు మీద రాసి కూడా పెట్టారు. కార్డు లేకపోతే అక్కడే కొత్తది ఇస్తామన్నారు. ఆదివారం సంగతి పైవాళ్లను అడగాలన్నారు. వచ్చే నెల మళ్లీ వెళ్లి కనుక్కుంటాం. సంతకం పెట్టినవాళ్లలో మొదటి పేరు మా కింది వాటా ఆమెది.